మగ్గం తొక్కుతున్నాడన్నారు

మా పెద్దవాడు ఏడో నెలలోనే పుట్టాడు. యుద్ధం రోజులు, మంగళగిరిలో మగ్గాలకు నూలు సరిగా దొరికేది కాదు. అరచేతిలో ఇమిడేంత బిడ్డ. మంత్రసాని దూదిలో చుట్టి నా పక్కన పెట్టింది. వాడికి గట్టిగా ఏడ్చే ఓపిక కూడా లేదు.

పురిటి స్నానం కాకముందే వాడి కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఆడడం మొదలైంది. మగ్గం గుంటలో కూర్చుని కాలి చెక్కలు తొక్కినట్టే. చూపు ఒక మూలకు నిలిచిపోయేది. పెదవులు ఊరికే చప్పరించేవి. కాలు పట్టుకుని ఆపబోయినా నా చేతికింద కదులుతూనే ఉండేది.

మా అత్తగారు వీధిలో పడుగు నూలు సాగదీస్తున్న వాళ్లందరినీ కేకేసింది.

"చూడండర్రా, నా మనవడు అప్పుడే మగ్గమెక్కాడు!"

"అన్నయ్యా, నువ్విక గుంటలోంచి లే. వారసుడొచ్చేశాడు!" అన్నాడు మా మరిది. అందరూ నవ్వారు.

"అత్తయ్యా, వాడి కళ్లు చూడండి. బెజవాడ తీసుకెళ్దాం," అన్నాను.

"నీ నోట మంచిమాటే రాదుటే? బాలింతవి, పడుకో."

మా ఆయన వెళ్లి మళ్లీ మగ్గం గుంటలో కూర్చున్నాడు. వాళ్లమ్మ మాటకు ఎప్పుడు ఎదురు చెప్పాడు గనక!

కొన్నాళ్లకు కాళ్లాట ఆగింది. వాడు అన్నీ ఆలస్యంగా నేర్చాడు. ఐదో ఏట అన్నం తింటూ తింటూ వెనక్కి పడి కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. నోట నురగ.

"ఇది మీ పుట్టింటి జబ్బే. మా ఇంటావంటా లేదు," అంది అత్తగారు. పసుపు కొమ్ము కాల్చి వాడి నుదుట వాత పెట్టించింది. నేను అడ్డం పడితే మరిది నా రెక్క పట్టి లాగాడు.

మర్నాడే వాణ్ణి చంకనేసుకుని ఒక్కదాన్నే బెజవాడ రైలెక్కాను. డాక్టరుగారు వాడి పుట్టుక గురించే ఎక్కువ అడిగారు. కాళ్లాట సంగతి చెప్పాను.

"అవీ మూర్ఛలే అయ్యుంటాయమ్మా. మరీ చిన్నగా పుట్టిన పిల్లల్లో అలాగే వస్తాయి, పోల్చుకోవడం కష్టం. అప్పుడు వచ్చినవాళ్లకి తర్వాత మళ్లీ వచ్చే భయం ఎక్కువ."

"అప్పుడే తెచ్చుంటే?"

"తగ్గిపోయేదని చెప్పలేను. కానీ మీ పుట్టింటి మీద నింద వేయడానికి ఏమీ లేదు. రోజూ మందు తప్పకూడదు. వాతలు మాత్రం వద్దు."

ఇంటికొచ్చి ఆ మాటలు అందరి ముందూ చెప్పాను.

"డాక్టరుకేం తెలుసే మన ఇళ్ల సంగతి?" అని అత్తగారు లోపలికెళ్లింది. అంతే. తప్పయిందన్న మాట పోయేదాకా ఆమె నోట రాలేదు.

ఆ పూట నుంచి మందు నా చేత్తోనే వేశాను. వాణ్ణి ఆమె ఒళ్లో కూర్చోనివ్వలేదు. కోడలు మనవణ్ణి దూరం చేసిందని వీధంతా చెప్పుకుంది. చేశాను. వాడి ఒంటిమీద రెండో వాత పడలేదు.