స్టేషన్ లాడ్జికి వచ్చిన తాత క్యారియర్

ఆ రోజుల్లో ప్రయాణమంటే దారిలో ఒక రాత్రి ఎక్కడో ఆగడం ఉండేది, ఆగడమంటే చుట్టాలిల్లే. ఏ ఊళ్లో మనవాళ్లు ఎవరున్నారో గుర్తు చేసుకున్నాకే సంచి సర్దుకునేవాళ్లం. చుట్టాలున్న ఊళ్లో లాడ్జిలో పడుకున్నామని తెలిస్తే ఇంకో పదేళ్లు పెళ్లిళ్లలో, చావుల్లో అదే మాట ఎత్తిపొడిచేవాళ్లు. ఇప్పుడదేం లేదు. పోయిన ఏడాది కూతురూ అల్లుడూ నాకు కాశ్మీర్ చూపిస్తామని టికెట్లు తీస్తూ, విమానం మారడానికి ఢిల్లీలో ఒక రాత్రి ఆగాలన్నారు. ఇక మా సూర్యాపేట ఇంట్లో పొద్దస్తమానం అదే చర్చ. విమానాశ్రయం పక్కనే హోటల్ తీసుకుంటే పొద్దున లేచి నడిచిపోవచ్చని అల్లుడు. ఊళ్లో తీసుకుంటే సాయంత్రం బజారన్నా చూడొచ్చని కూతురు. చివరికి ఫోను నా ముందుకు జరిపి, "నువ్వు చెప్పమ్మా, యాడుందాం?" అంది. ఫోనులో అటు చూసినా ఇటు చూసినా ఒకటే తెల్ల దుప్పటి, ఒకటే మంచం. "ఢిల్లీల మనోళ్లెవరన్న ఉన్నరా?" అన్నాను. "ఎవ్వరు లేరే." "అయితే విమానం కాడనే తీసుకోన్రి." ఎందుకని అడిగితే నవ్వి ఊరుకున్నాను. (నేను ఏడో తరగతి దాకే చదివాను, అదీ సగం. కానీ ఈ ఒక్క సంగతిలో నాకు అనుభవం ఉంది. ఆ అనుభవం పేరు మిర్యాలగూడ.)

అప్పటికి నాకు పదిహేడేళ్లు. మాది నడిగూడెం. మా నాయన పెద్దవాడు, ఆయన తర్వాత మా మేనత్త, అందరికంటే చిన్నవాడు మా చిన్నాయన. ఈ చిన్నాయనకు పెళ్లి కావడం లేదు. మనిషి ఎర్రగా, పొడుగ్గా, చేతిలో పొలం పనంతా ఉన్నవాడే. ముప్పై దాటినా సంబంధం కుదరకపోవడానికి కారణం ఆయన జాతకం కాదు, మిర్యాలగూడలో ఉండే మా మేనత్త ప్రేమ. గుంటూరు వైపు ఎక్కడికి పోవాలన్నా కోదాడలో బస్సెక్కి మిర్యాలగూడ పోయి, మర్నాడు పొద్దున రైలెక్కాలి. ఆ రాత్రి మకాం మేనత్త ఇంట్లోనే. మొదటి సంబంధానికి పోయినప్పుడు, తమ్ముడు అన్నం తినకుండా పిల్లను చూడబోతాడా అని తెల్లారి కోడిని కోయించింది. కోడి ఉడికేలోపు రైలు పోయింది, పిల్ల వేరేవాళ్లకు ఖాయమైంది. రెండో సంబంధానికి తనే వెంట వెళ్లింది. పిల్ల తండ్రి మాటవరసకు అబ్బాయి గుణమెట్లాంటిదమ్మా అని అడిగితే, "బంగారమే అన్నా, కోపమొస్తే మాత్రం అన్నం మీద అలుగుతడు, రెండు రోజులైనా తినడు" అని ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్లు మళ్లీ కబురు పెట్టలేదు.

మూడో సంబంధం సత్తెనపల్లిది. పొద్దున పది లోపల రండి, మధ్యాహ్నం ఇంకొకళ్లు చూడ్డానికి వస్తున్నారు అని పిల్ల తరఫువాళ్లు కబురంపారు. అంటే ఆ రైలు తప్పితే పిల్ల తప్పినట్టే. సాగర్ కాలువకు నీళ్లు వదిలి నాట్లు మొదలైనందున నాయన కదలలేడు, అమ్మకు జ్వరం. ఆడమనిషి ఒకరు వెంట ఉండాలి కాబట్టి నన్ను పంపారు. (లంగా ఓణీ వేసుకుంటే ఆడమనిషి కిందే లెక్క.) పండ్లూ పూలతో పాటు అమ్మ ఆ జ్వరంలోనే చేసిన గరిజెల, అదే కజ్జికాయల, డబ్బా నా ఒళ్లో పెట్టి, "ఈసారి మీ అత్తకు తెల్వనియ్యకున్రి. ఖాయమైనంక నేనే పోయి చెప్త" అని నాయన మా ఇద్దరికీ నచ్చజెప్పాడు. పాపం ఆ మాట అంటున్నప్పుడు మా ముఖాలు చూడలేక ఎడ్ల వైపు చూస్తూ అన్నాడు.

మిర్యాలగూడ బస్టాండులో దిగేసరికి పొద్దు వాలుతోంది. అప్పుడు మొదలైంది మా చిన్నాయన ఆలోచన. బజారులో ఒక లాడ్జి ఉంది, మేడ మీద, ఫ్యాను తిరుగుతుంది, కిందే హోటలు. కానీ మేనత్త ఇంటికి రెండు సందుల దూరం. స్టేషను ఎదురుగా ఇంకోటి ఉంది, పేరుకు లాడ్జి, మిల్లులకు వడ్లు తెచ్చే లారీవాళ్లు నడుం వాల్చే చోటు. "బజార్ల ఉంటే మంచిగ నిద్ర పడ్తది గని అక్క సూస్తది. టేషన్ కాడ ఉంటే అక్క సూడదు గని నిద్ర పట్టది" అని ఒక చాయ్ తాగినంతసేపు ఆలోచించి, నిద్రను వదులుకున్నాడు. అక్కడికి నడిచినంతసేపూ తువ్వాల తల మీద కప్పుకుని మొహానికి అడ్డం పట్టుకున్నాడు. ఎండ లేదు, వాన లేదు, తువ్వాల కప్పుకున్న మనిషిని బజారంతా ఆగి ఆగి చూసింది.

లాడ్జిలో బల్ల ముందు కూర్చున్న ఆయన నన్నూ చిన్నాయననూ మార్చి మార్చి చూశాడు. "మా అన్న బిడ్డ" అన్నాడు చిన్నాయన, అడక్కుండానే, కొంచెం గట్టిగా. "నేనేమన్న అన్ననా పటేలా? రూమియ్యాల్నా?" "నల్లులున్నయా?" "ఉన్నయి. బండి టైముకు అవే లేపుతయి, భయం లేదు." గదిలో రెండు నులక మంచాలు, ఒక కిటికీ, ఆ కిటికీలోంచి నేరుగా పట్టాలు. చిన్నాయన కిటికీ ఊచలు పట్టుకుని ఆ పట్టాలను చూస్తూ, తన పెళ్లి అటు నుంచే వస్తున్నట్టు నవ్వుకున్నాడు. భోజనం సంగతి అడిగితే బల్ల దగ్గరాయన, ఇక్కడ హోటల్ లేదు, ఊళ్లో ఒకామె క్యారియర్ కట్టి పంపుతుంది, ఇంటి వంట అన్నాడు. చెప్పమన్నాం.

దీపాలు పెట్టేముందే క్యారియర్ వచ్చింది. ఆయనే తెచ్చి మంచం మీద పెట్టి, తిని కడిగి ఉంచండి, అర్ధగంటలో పట్టుకుపోతాను అని వెళ్లాడు. పై మూత తీయబోతే దాని మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు వేలికి తగిలాయి. మా తాత పేరు, దాని కింద నడిగూడెం. మేనత్త పెళ్లికి సారెలో పెట్టిన క్యారియర్ అది. మా ఇంట్లో దాని జత ఇప్పటికీ ఉంది. చిన్నాయన దాన్ని చేతుల్లోకి తీసుకుని, "అక్క క్యారియర్ ఎవడో ఎత్కపోయిండు" అన్నాడు. పోలీసులకు చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించాడు. (చెబితే అక్కకు తెలుస్తుంది, చెప్పకపోతే దొంగ తప్పించుకుంటాడు.) అన్నం చల్లారుతుందని నేను వడ్డించాను. పచ్చిపులుసు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. మేనత్త పచ్చిపులుసులో నువ్వులు దోరగా వేయించి, నలగ్గొట్టీ నలగ్గొట్టనట్టు వేస్తుంది. ఆ రుచి ఇంకెవరికీ రాదు. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. అక్క లాడ్జికి కూళ్లు వండుతుందా? ఎప్పటినుంచి? ఎందుకు? "ఇంకొంచెం పొయ్యి బిడ్డా" అని మాత్రం అన్నాడు, తల వంచుకుని.

తినగానే, "జల్ది కడిగి ఇచ్చెయ్. అక్కకు తెల్వొద్దు" అని చేతులు కడుక్కోను బయటికి పోయాడు. నేను గిన్నెలు కడిగాను, తుడిచాను, ఒకదాని మీద ఒకటి పేర్చాను. పేర్చి చూస్తే క్యారియర్ తేలిగ్గా ఉంది. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే నేర్పారు, ఒకరింటి గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని. ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరన్నా వేయాలి. ఎవరికి తెలియకూడదో, ఎందుకు తెలియకూడదో అన్నీ నాకు తెలుసు, కానీ చేతులకు తెలియదు కదా. డబ్బా తెరిచి నాలుగు గరిజెలు పై గిన్నెలో పెట్టి మూత వేశాను. బల్ల దగ్గరాయన వచ్చి పట్టుకుపోయాడు. చిన్నాయన రాగానే, "ఖాళీగ పంపలే చిన్నాయనా, అమ్మ గరిజెలు పెట్టిన" అని చెప్పాను, మెచ్చుకుంటాడనుకుని. ఆయన మంచం మీద కూర్చున్నాడు. కాసేపటికి, "ఎన్ని పెట్టినవ్?" అన్నాడు. నాలుగు అన్నాను. "ఒక్కటి చాలు గద బిడ్డా, మనల్ని పట్టియ్యనీకె" అన్నాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడగానే మా చిన్నాయన తలుపు వెనక్కి పోయి నిలబడ్డాడు. మేనత్త తలుపు తోసింది, తలుపు గోడ దాకా పోకుండా మధ్యలో మెత్తగా ఆగింది. చేతికింకా పసుపు అంటుకునే ఉంది. "మీ చిన్నాయనేడి?" "బయటికి పోయిండత్తమ్మా." "చెప్పులిడ్సి పోయిండా?" మంచం కిందున్న చెప్పులు చూపించి, తలుపు వైపు తిరిగి, "రా తమ్మీ, ఊపిరాడక సస్తవ్" అంది. ఆయన ముక్కుకు సున్నంతో బయటికొచ్చాడు.

"గరిజె అంచు గిట్ల జడలెక్క మా వదిన తప్ప ఎవ్వరు మడవరు. మూత తీసిన, సూసిన, చెప్పులేసుకున్న" అంటూ మంచం మీద కూర్చుంది. "లాడ్జిల పండుకుంటరా? నా ఇంట్ల చాపలు కరువైనయా?" చిన్నాయన నసిగాడు, పొద్దుగాల బండి అన్నాడు, కోడి అన్నాడు, సత్తెనపల్లి అన్నాడు. "ఓహో. ఆడబిడ్డకు తెల్వకుండ పెండ్లి చేసుకునే దాక వచ్చిందన్నట్టు." ఇక దారి లేక ఆయన తలెత్తి, "నువ్వు లాడ్జికి వండుతున్న సంగతి మాకు చెప్పినవా అక్కా? నాయన పేరున్న క్యారియర్ల?" అన్నాడు.

మేనత్త మా మంచం మీది లాడ్జి దుప్పటిని తీసుకుని, తన ఇంటిదైనట్టు, అంచులు కలిపి మడవడం మొదలుపెట్టింది. మడిచాక అంది, "మిల్లు మూసిన్రు. మీ బావ ఇంట్లనే ఉంటున్నడు. అన్నకు తెలిస్తే బియ్యం బస్తా ఎత్తుకొని వస్తడు. నాకద్దు. నా రెక్కలున్నయి." మడిచిన దుప్పటి పక్కన పెట్టి, "పచ్చిపులుసుల ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది, మెల్లగా. "ఇంకో గిన్నె ఉంటే బాగుండు" అన్నాడు మా చిన్నాయన. అప్పుడు నవ్వింది. అక్కడికక్కడే ఒప్పందమైంది. లాడ్జి ముచ్చట ఆమె నాయనకు చెప్పదు, క్యారియర్ల ముచ్చట మేం చెప్పం. సామాను తీసుకుని ఆమె ఇంటికి బయలుదేరుతుంటే బల్ల దగ్గరాయన, రూము వద్దా అన్నాడు. "నల్లులను పండుకోమను" అన్నాడు చిన్నాయన.

ఆ రాత్రి ఆయన, మళ్లీ కోడి కూస్తుందో, అక్క దాన్ని కోస్తుందో అని భయపడుతూ పడుకున్నాడు. కానీ క్యారియర్లు మొదలైనప్పటి నుంచి మేనత్తకు చీకటితోనే లేవడం అలవాటైంది. మేం కళ్లు తెరిచేసరికి పులిహోర కట్టడం, తల దువ్వుకోవడం, మామకు ఆ రోజు లాడ్జి వంట అప్పజెప్పడం అన్నీ అయిపోయాయి. సిగ్నల్ పడకముందే ప్లాట్‌ఫారం మీద ముగ్గురం నిలబడ్డాం. (ఆ రోజు లాడ్జిలో తిన్న లారీవాళ్లు పప్పా, సాంబారా అని తేల్చుకోలేక పోయారని తర్వాత విన్నాం.) రైలెక్కేముందు చిన్నాయన ఒక్క మాట తీసుకున్నాడు. "అక్కా, అక్కడ నువ్వు నోరు తెరవొద్దు."

మేనత్త మాట నిలబెట్టుకుంది. సత్తెనపల్లిలో పిల్ల తండ్రి, "రండి, రండి, ఎండన పడి వచ్చారు" అని కుర్చీలు వేస్తే తల ఊపింది. కాఫీ ఇస్తే తల ఊపింది. అబ్బాయి గుణం అడిగినప్పుడు చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పిల్ల తల్లి, రైల్లో పులిహోర తినేసిన మా ఖాళీ క్యారియర్ చూసి కడిగిస్తానని లోపలికి తీసుకుపోయింది. మేం లేస్తుంటే పిల్లే దాన్ని తెచ్చి మేనత్త చేతికిచ్చింది. అందుకున్న చెయ్యి బరువుకు కిందికి దిగింది. మూత తీసి చూస్తే దోరజామకాయలు. "ఎవలు పెట్టిన్రమ్మా?" అంది మేనత్త, మాటిచ్చిన సంగతి మరిచిపోయి. "నేనేనండీ. పెరట్లో చెట్టుకు కాశాయి. ఖాళీగా ఎట్లా ఇస్తాం?" అంది ఆ పిల్ల. మేనత్త మూత పెట్టి, పిల్ల తండ్రి వైపు తిరిగి, "అన్నా, ముహూర్తం ఎప్పుడు పెట్టుకుందం?" అని అడిగేసింది. మా చిన్నాయన అప్పటికింకా పిల్ల మొహం సరిగా చూడనే లేదు. పాదాల దాకా చూశాడట, మిగతాది పెళ్లిలో చూశాడు.

ఆ పెళ్లిలో మేనత్తకు పెట్టిన కట్నాల్లో మా నాయన రెండు పెద్ద క్యారియర్లు కూడా పెట్టాడు. వాటి మీద తాత పేరు కాదు, మేనత్త పేరే కొట్టించాడు, ఊరు దగ్గర మిర్యాలగూడ అని. ఒక్క మాట అడగలేదు, ఆమే చెప్పలేదు. ఆయనకెవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. (నేను చెప్పలేదు. చిన్నాయనా చెప్పలేదంటాడు. చిన్నమ్మ మాత్రం నవ్వుతుంది.)

ఢిల్లీలో విమానాశ్రయం పక్కనే దిగాం. టై కట్టుకున్న ఒకతను గదికే భోజనం తెచ్చిపెట్టి, తిన్నాక పళ్లెం తలుపు బయట పెట్టండని వెళ్లాడు. కూతురు పెట్టబోతుంటే ఆగమని, గిన్నెలు కడిగి తుడిచి, దారికని నేను చేసి తెచ్చిన గరిజెలు రెండు ఒక గిన్నెలో పెట్టి, పళ్లెం బయట ఉంచాను. అంచు అమ్మలాగే మడవబోతాను గాని నాకు అంత సన్నంగా రాదు. "అమ్మా, వాళ్లు పారేస్తరే" అంది నా కూతురు. "పారేస్తే పారెయ్యని" అన్నాను. మేనత్త పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు దీపాలార్పి పడుకున్నారు గాని నేను గడియ పెట్టకుండా కుర్చీలో కూర్చున్నాను. బయట మెత్తటి తివాచీ మీద ఎవరో వస్తున్నట్టనిపించింది. మా గది ముందు అడుగులు ఆగాయి, పళ్లెం ఎత్తిన చప్పుడైంది, మళ్లీ దూరమయ్యాయి. నేను ఇంకొంచెం సేపు చూసి, నవ్వుకుని, లేచి గడియ పెట్టాను.