ఆకుపచ్చ వైరు

నా చిన్నప్పుడు మా తాతయ్యకు చెవులు నేనే. ఆయనకు చెవులు లేక కాదు. ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో రేకులు కొట్టే మిషన్ల మధ్య ఎలక్ట్రీషియన్‌గా తిరిగి తిరిగి, రిటైరయ్యేనాటికి సగం వినికిడి అక్కడే వదిలేసి వచ్చాడు. అలాంటి మనిషి ఆ తర్వాత ఎంచుకున్న పని ఏమిటయ్యా అంటే, పాత గిటారు ఆంప్లిఫయర్లు బాగుచేయడం! వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు మాత్రం అది గొప్పగా ఉండేది, ఎందుకంటే నేను లేనిదే ఆ పని సాగదు.

మావాళ్ళు కడప వైపు నుంచి ఎప్పుడో బెంగళూరు వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఇంట్లో తెలుగు, వాకిట్లో కన్నడం, ఆదివారం చర్చిలో మళ్ళీ తెలుగు. మేముండేది ఒక వఠారంలో. ఒకే వాకిలికి ఆరిళ్ళు, ఆరిళ్ళకూ ఒకే కొళాయి. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ నర్సు. ఆమె డ్యూటీకి వెళ్ళిపోతే ఇంట్లో నేనూ, తాతయ్యా, ముందు గదినిండా విప్పి పెట్టిన పెట్టెలూ.

తొంభైలలో చర్చి పాటలవాళ్ళ దగ్గరా, పెళ్ళి ఆర్కెస్ట్రాల దగ్గరా ఉన్నవి ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లే. పాతబడితే వాటిలో గిటారు మోగినట్టుండదు, రేకు మీద మేకుతో గీసినట్టుంటుంది. తాతయ్య ఎండిపోయిన కెపాసిటర్లు పీకి కొత్తవి వేసేవాడు. గీపెట్టే శబ్దాన్ని అణచడానికి చిన్న కెపాసిటర్ ఒకటి అదనంగా అతికేవాడు. చిరిగిన స్పీకరు మార్చి, పెట్టె లోపలి గోడకు పాత దుప్పటి ముక్క అంటించేవాడు. అదంతా అయ్యాక తీగ మీటితే, జలుబు తగ్గిన మనిషి గొంతులా ఉండేది. అప్పుడు నన్ను పిలిచేవాడు. "ఏం పాపా, అడుగున గుయ్ అంటాండాదా? ఉండేది ఉన్నట్టు చెప్పు." నేను కళ్ళు మూసుకుని విని, ఉందనో లేదనో చెప్పేదాన్ని. నేను ఉందంటే పెట్టె మళ్ళీ విప్పేవాడు, ఒక్కసారి కూడా విసుక్కోకుండా. ఆ గుయ్‌మనే శబ్దాన్ని వాయించేవాళ్ళు హమ్ అంటారు.

ఇంకో పట్టుండేది ఆయనకు. మూడు కాళ్ళ ప్లగ్గు బిగించేటప్పుడు ఎర్ర వైరూ నల్ల వైరూ పొట్టిగా కత్తిరించి, ఆకుపచ్చ వైరు మాత్రం అంగుళం పొడుగ్గా వదిలేవాడు. ఎవరైనా కాలు తగిలి వైరు లాగినా ముందు ఎర్రది ఊడాలి, ఆకుపచ్చది అన్నిటికన్నా చివర ఊడాలి అనేవాడు. ఆకుపచ్చది ఎర్త్. పెట్టె రేకులోకి కరెంటు దిగితే మనిషిలోంచి కాకుండా భూమిలోకి పోవడానికి దారి. ఒకసారి ఎవరో ఆర్కెస్ట్రా అతను వచ్చి, ఎర్త్ పీకేస్తే హమ్ దెబ్బకు పోతుంది తాతా అన్నాడు. తాతయ్య అతన్ని వఠారం గేటు దాకా తిడుతూ సాగనంపాడు. నేను అందులో సగమే విన్నాను. ఎర్త్ పీకితే హమ్ పోతుందన్న సగం.

నాకు పదేళ్ళప్పుడు పక్కింటి అన్నకు ఇరవై రెండేళ్ళు. మా చర్చి పాటల బృందంలో గిటారు వాయించేవాడు, పాడేవాడు. వాళ్ళమ్మకు ఒక్కడే కొడుకు. ఒక పెద్ద హోటల్లో వాయించే బృందంలోకి వచ్చే నెల నుంచి రమ్మన్నారని వఠారమంతా మిఠాయి పంచాడు. నన్ను చూస్తే "ఏయ్ చెవులమ్మా" అని జడ లాగేవాడు. ఆ వానాకాలం వాళ్ళ ఇల్లు కారి అతని ఆంప్లిఫయర్ తడిసిపోయింది. తాతయ్య అన్నీ మార్చి దాన్ని బతికించాడు గాని, ఒక్క విషయం ఆయనకు నచ్చలేదు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌కు తేమ పట్టింది, అందులోంచి కరెంటు పెట్టె రేకులోకి, అక్కణ్ణుంచి గిటారు తీగల్లోకి దిగవచ్చు. చిక్కపేటలో ఒకాయన దగ్గర దాన్ని కొత్తగా చుట్టించాలి, వారం పడుతుంది. అన్న బతిమాలాడు, "తాతా, ఆదివారం కోత పండగ. అదొక్కటీ కానీ, సోమవారం నేనే తెచ్చిస్తా." తాతయ్య చాలాసేపు గడ్డం గీరుకున్నాడు. చివరికి, "ఎర్త్ ఉన్నంతసేపూ భయం లేదులేప్పా, తీసకపో" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం చర్చిలో ప్రాక్టీసు. తాతయ్య చిక్కపేటకు వెళ్ళాడు, ట్రాన్స్‌ఫార్మర్ సంగతి మాట్లాడి రావడానికి. నేను అన్న వెంట వెళ్ళాను. ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్న పెట్టె అక్కడ గుయ్‌మంది. చర్చి ఎర్తింగే సరిగ్గా లేదని, ఆ గొడవంతా ఎర్త్ వైరులోంచే వస్తోందని తర్వాత తెలిసింది. పాటల బృందం పెద్దాయన నవ్వుతూ అన్నాడు, "చెవిటి మనిషికి ఇస్తే ఇంతే గదప్పా. ఆయనకు వినపడకపోతే హమ్ లేనట్టేనా?" అందరూ నవ్వారు. అన్న కూడా కొంచెం నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తాతయ్యకు వినపడకపోవచ్చు, నాకు వినపడదా? అంటే ఆ మాట నన్నూ అన్నట్టే.

వాళ్ళంతా టీకి వెళ్ళారు. "వైర్లు చుట్టిపెట్టు చెవులమ్మా" అని అన్న నాకు పని చెప్పి వెళ్ళాడు. నా జామెట్రీ బాక్సులో తాతయ్య ఇచ్చిన చిన్న స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉండేది. ప్లగ్గు గోడనుంచి పీకి విప్పాను. పొడుగ్గా వదిలిన ఆకుపచ్చ వైరు ఊడదీశాను. ఊరికే వదిలితే దేనికైనా తగులుతుందేమోనని, మోకాలు గీరుకుపోతే అమ్మ అంటించే తెల్ల ప్లాస్టరు నా సంచిలో ఉంటే, అది తీసి దాని కొసకు చుట్టాను. ఎంత బుద్ధిగా చుట్టానో! మూత బిగించి స్విచ్ వేశాను. పెట్టె నోరు మూసుకుంది. ప్రపంచాన్ని జయించినట్టుంది నాకు.

ఆదివారం పొద్దున వాన. పంట కానుకలుగా గుమ్మడికాయలు, అరటి గెలలు, కొబ్బరికాయలు మోసుకొచ్చినవాళ్ళ పాదాల తడితో నేలంతా చెమ్మగా ఉంది. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చే అలవాటు మాది. అన్న గిటారు తగిలించుకుని స్విచ్ వేసి, ఆశ్చర్యంగా నావైపు చూశాడు. "హమ్ యాడికి పోయె?" "తాతయ్య పొద్దున్నే వచ్చి సరిచేసి పోయినాడు" అన్నాను. తడుముకోలేదు కూడా. ఆ మాట పెద్దాయన విని, "పర్వాలేదే ముసలాయన!" అన్నాడు. దానికోసమే గదా నేను అంత చేసింది. తీగలు వేళ్ళకు చిమచిమ అంటున్నాయని అన్న అన్నాడు, వాన చలికి కాబోలు అనుకున్నాడు.

మూడో పాటకు అతను మైకు దగ్గరికి వంగాడు. పెదవులు మైకుకు తగిలాయి, ఎడమ చేయి తీగల మీదుంది. పాట మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. మనిషి బిగుసుకుపోయి, తల వెనక్కి వాల్చి, కళ్ళు తేలేసి వణుకుతున్నాడు. అతనికి భక్తి పొంగిందనుకున్నారు జనం. కొందరు చేతులెత్తారు. వెనకనుంచి ఎవరో హల్లెలూయా అన్నారు. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మొదట కనిపెట్టింది తాతయ్యే. వినపడదు కాబట్టి ఆయన ఎప్పుడూ ముందు వరసలో కూర్చుని వాయించేవాళ్ళ వేళ్ళు చూస్తూ ఉండేవాడు. లేచి, ఆ మోకాళ్ళ నొప్పులతోనే పరుగెత్తి ప్లగ్గు లాగేశాడు. అన్న మొదలు నరికిన చెట్టులా పడ్డాడు. మా అమ్మ పరుగున వచ్చి అతని ఛాతీ మీద నొక్కుతూ, నోట్లోకి ఊపిరి ఊదుతూ అతన్ని తిరిగి తెచ్చింది. ఆటోలో ఎక్కించేటప్పుడు ఎడమ చేతి వేళ్ళు చూశాను. తీగలు ఎన్నో అన్ని నల్లటి గీతలు, లోపలిదాకా.

తాతయ్య చర్చి మెట్లమీద కూర్చుని ప్లగ్గు విప్పాడు. తెల్ల ప్లాస్టరు కనిపించింది. ఆయన తలెత్తి నన్ను చూశాడు. ఆ ప్లాస్టరు మెల్లగా ఊడబెరికి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇంతలో పెద్దాయన నలుగురితో వచ్చి, "పొద్దున వచ్చి సరిచేసినావంటనే తాతా. ఏం చేసినావు?" అని నిలదీశాడు. ఆ పొద్దున ఆరాధన వేళయ్యేదాకా తాతయ్య ఇల్లు కదలలేదు. నేను ఆయన వెనక్కి నక్కాను. ఆయనకు మాత్రం క్షణం పట్టలేదు. "అవునప్పా. హమ్ వస్తాండాదని ఎర్త్ నేనే తీసినా."

ఒకతను ఆయన కాలరు పట్టుకున్నాడు. అన్న వాళ్ళమ్మ వెనకాల వెళ్ళే ఆటో ఇంకా ఎక్కలేదు. వాకిట్లో తడి మట్టి పిడికెడు తీసి ఆయన ముఖాన కొట్టింది. ఇల్లు చేరేదాకా ఆయన అది తుడుచుకోలేదు. నేను ఆయన చేయి పట్టుకుని నడిచాను. ఆ చేయి ఆయన విడిపించుకోలేదు, అదే నాకు మరీ బాధ.

ఇంటికొచ్చాక ప్లాస్టరు ముక్క బల్లమీద పెట్టాడు. నేను వెక్కి వెక్కి ఏడుస్తూ అంతా చెప్పాను. "చెవిటి మనిషి అన్నారు తాతయ్యా నిన్ను" అన్నాను. ఆయన విని అన్నాడు, "నిన్ను నేనెప్పుడన్నా పేరు తెమ్మని అడిగినానా పాపా? వినపడేది చెప్పమన్నా, అంతేగదా." మళ్ళీ, "తేమ పట్టిన పెట్టె ఇచ్చింది నేను. తప్పులో నా పాలు నాకుండాది. నీ పాలు నువ్వే చెప్పాల. ఎప్పుడు చెప్తావో నీ ఇష్టం. నేనైతే చెప్పను" అన్నాడు. తర్వాత ఒక ప్లగ్గూ వైరూ నా ముందు పెట్టి బిగించమన్నాడు. ఆకుపచ్చది పొట్టిగా కత్తిరించాను. విప్పించాడు. మళ్ళీ బిగించాను, మళ్ళీ విప్పించాడు. అంగుళం పొడుగు వచ్చేదాకా వదల్లేదు.

అన్న బతికాడు. ఎడమ చేతి మూడు వేళ్ళు మాత్రం లోపలికి ముడుచుకుపోయి మళ్ళీ తెరుచుకోలేదు. హోటలు సంగతి అంతటితో సరి. గిటారు ఎవరికో ఇచ్చేశాడు. కొన్నాళ్ళకు జిగణిలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడు. రోజూ పొద్దున కొళాయి దగ్గర తాతయ్య, "ఏమప్పా, బాగుండావా?" అని పలకరించేవాడు. అన్న ముఖం తిప్పుకుని పోయేవాడు. మర్నాడు తాతయ్య మళ్ళీ పలకరించేవాడు. ఆ తర్వాత మా ఇంటికి ఒక్క పెట్టె కూడా రాలేదు. ఆదివారం చర్చినుంచి వచ్చేటప్పుడు తాతయ్య నావైపు ఒకసారి చూసేవాడు, అడిగేవాడు కాదు. నేను రేపు చెప్దాం, పండగయ్యాక చెప్దాం, పరీక్షలయ్యాక చెప్దాం అనుకుంటూ ఎనిమిదేళ్ళు గడిపాను.

నేను డిప్లొమా చదువుతుండగా తాతయ్య పోయాడు. సమాధుల దొడ్డికి పట్టుమని పదిమంది రాలేదు. అన్న వచ్చాడు, ఎడమ చేయి జేబులో పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. మట్టి వేయడం అయ్యాక అతని దగ్గరికి వెళ్ళి చెప్పాను. హమ్, ప్లాస్టరు, నా అబద్ధం, అన్నీ. అతను ఆ కొత్త మట్టివైపు తిరిగాడు. "ఎనిమిదేండ్లు ఆ మనిషికి బదులు చెప్పలేదే నేను. దినామూ పలకరించె. ఒక్కసారన్నా నోరు తెరిచింటే... ఇప్పుడా చెప్పేది? ఎవురికి చెప్పాల నేనిప్పుడు బాగుండానని?" అన్నాడు. నేను చేసిన పనికి అతను నన్ను తిట్టలేదు. చెప్పకుండా ఉన్నందుకు క్షమించలేదు. వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నా తలా నెరుస్తోంది. తాతయ్య స్క్రూడ్రైవర్లతోనే పాత ఆంప్లిఫయర్లు బాగుచేస్తాను. నలుగురూ తెచ్చిస్తున్నారు. వాటి గొంతు మార్చడం నాకూ చేతనవును, ఆయనంత కాకపోయినా. హమ్ ఉంటే ఉందని చెప్తాను. ఎర్త్ తీసేయమంటే పెట్టె తిరిగి ఇచ్చేస్తాను. కొన్నేళ్ళ కిందట అన్న తన కూతుర్ని వెంటబెట్టుకుని, ఆ పిల్ల కొనుక్కున్న పాత పెట్టె మోసుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు. బాగుండావా అని అతనూ అడగలేదు, నేనూ అడగలేదు. వారం తర్వాత వచ్చినప్పుడు, మూత బిగించకుండానే ప్లగ్గు అతని చేతిలో పెట్టాను. అతను దాన్ని కంటి దగ్గరగా పెట్టుకుని, ముడుచుకున్న వేలి కొసతో ఆకుపచ్చ వైరును కదిలించి చూశాడు. "పొడుగ్గానే ఉండాది" అని మెల్లగా అని తిరిగి ఇచ్చాడు. నేను అతని ముందే మూత బిగించాను. అప్పటినుంచి ఎవరి పెట్టె అయినా, ప్లగ్గు తెరిచి వాళ్ళకు చూపించాకే బిగిస్తున్నాను.