ఎలోడియా గారి మూడో రొట్టె

ఎలోడియా గారికి ఒకే ఒక్క పిచ్చి. ఎవరి కంచంలో మూడో రొట్టె పడినా అది తనదే. పెళ్ళి విందయినా, చావింటి భోజనమయినా, ఎదుటివాళ్ళు దానిమీద చెయ్యి వేసేలోగా "మూడోది నాది!" అంటూ లాక్కుని గుడ్డలో చుట్టేసేది. ఓసారి చర్చి ఫాదరుగారు ప్రార్థనకని కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి కంచంలో రెండే ఉన్నాయి.

ఇంతా చేసి మనిషి చీపురుపుల్ల. ఆ తిండంతా ఎటు పోతోందో ఆ నారింజ తోటల ఊళ్ళో ఎవరికీ అంతుపట్టలేదు.

"కోళ్ళకి వేస్తానంటోందే."

"చాల్లే! తలుపేసుకుని తనే మెక్కుతుంది."

తోటల్లో లారీ నడిపే నికనోర్‌కి మాత్రం ఆమె ఇంకోలా తెలుసు. అతనికి షుగరు అంచుదాకా వచ్చిందనీ, మూడు నెలల్లో దిగకపోతే జీవితాంతం మందులేననీ డాక్టరు చెప్పాడు. అదే షుగరుకి నికనోర్ తండ్రి కాలు పోయింది. భయంతో అతను ఎవరికీ చెప్పకుండా చర్చి హాల్లో షుగరువాళ్ళకి పెట్టే మంగళవారం క్లాసుకి వెళ్ళాడు. అక్కడ పాఠం చెప్పేది ఎలోడియానే. పాటలు పెట్టి అందరిచేతా గంటసేపు గంతులేయించి, చెమటలు కారుతుండగా అంది:

"రొట్టె మానమని నేననను. అంటే మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి తంతుంది. రెండు తినండి, చాలు."

"మూడోది మా అత్తగారు అడక్కుండానే వేస్తుంది పిన్నీ," అన్నాడు నికనోర్. " వద్దంటే చేతివంట బాలేదన్నట్టేనట. పెద్దల్లుడు ఓసారి వద్దన్నాడు. ఈస్టరుదాకా ఆవిడ అతనితో మాట్లాడలేదు."

"అది నాకొదిలెయ్."

మర్నాటినుంచి సరిగ్గా భోజనాలవేళకి ఎలోడియా నికనోర్ వాళ్ళింట్లో ఊడిపడేది. పెనం దగ్గర నిలబడి అత్తగారు ఎర్మెలిందా వేడి రొట్టె విసరడం, "మూడోది నాది!" అని ఈవిడ అందుకోవడం. ఎర్మెలిందా కంచంలోదీ వదిలేది కాదు.

"నీ కడుపా, గాదా వదినా?"

"గాదే. నింపు!"

ఊరంతా తిండిపోతని నవ్వుతుంటే నికనోర్‌కి సిగ్గేసింది.

"నా కోసం నువ్వు మాట పడడమెందుకు పిన్నీ? నిజం చెప్పేస్తా."

"నోర్ముయ్. తిండిపోతంటే నాకేం ఊడదు. నిన్ను రోగిష్టంటే మళ్ళీ క్లాసుకొస్తావా?"

మూడు నెలలు గడిచాయి. షుగరు పరీక్షకి ముందురోజు, ఆదివారం, ఎలోడియాకి జ్వరం తగిలింది. భోజనానికి రాలేదు. మూడో రొట్టె వచ్చి కంచంలో పడింది. నికనోర్ గుమ్మంవైపు చూశాడు, రొట్టెవైపు చూశాడు. చివరికి అన్నాడు.

"అత్తయ్యా, నీ చేతివంట అమృతం. కానీ నాకు షుగరు అంచున ఉంది."

ఎర్మెలిందా చేతిలో గరిటె ఆగింది. ఆవిడ మెల్లగా వచ్చి, తన కంచంలోని మూడో రొట్టె తీసి అతని రొట్టెమీద పెట్టి, రెంటినీ పక్కకి జరిపింది.

"నాకూ ఉంది అల్లుడూ. నాది గురువారం క్లాసు."

"మరి రోజూ మూడోది ఎందుకు వేశావు?"

"మానేస్తే నా సంగతి ఊరికి తెలిసిపోదూ? ఎలాగూ ఆ మహాతల్లి ఎత్తుకుపోతుంది కదా అని!"

నికనోర్‌కి నవ్వాగలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్తగారు అంత ముద్దొచ్చింది ఆ రోజే.

సోమవారం పరీక్షలో అతని షుగరు అంకె దిగింది. ఆ కాగితమూ, చికెన్ పులుసూ, గుడ్డలో మూటగట్టిన ఆ రెండు రొట్టెలూ పట్టుకుని అత్తా అల్లుడూ ఎలోడియా ఇంటికి వెళ్ళారు. పెరట్లో కోళ్ళు గుమ్మడికాయల్లా కూర్చునున్నాయి. మనుషులొచ్చినా ఒక్కటీ లేవలేదు.

ఎలోడియా మంచంమీంచే కాగితం చదివి, ముక్కు చీదినట్టు నటించి, కళ్ళు తుడుచుకుంది. తర్వాత గుడ్డమూట చూసింది.

"అందులో ఏమిటి?"

"నీ మూడోవి!"

"బాబ్బాబు, వెనక్కి తీసుకుపోండి. వచ్చే మంగళవారం కోళ్ళని కూడా క్లాసుకి తీసుకెళ్ళాలి."