ఆమేన్ దాకా టైరు మీద చెయ్యి

1968 నవంబరు మూడో తేదీ, ఆదివారం. తెల్లవారుజామున దిగిన మంచు రామాయంపేట రోడ్డు మీద ఇంకా విడలేదు. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. మెదకులో పంక్చర్లు వేసే యాకోబుకు మాత్రం ఆ చలి మేలే అనిపించింది. చలిలో టైరు ఆలస్యంగా వేడెక్కుతుంది.

ఆ రోజు చర్చిలో కోతపండుగ. రామాయంపేట సంఘంవారి కానుకలను, వడ్ల బస్తాలూ గుమ్మడికాయలూ కోళ్ల గంపలూ అన్నిటినీ, ఆరాధన మొదలుకాక ముందే మెదకు చర్చికి చేర్చే పనిని తొలిసారిగా అతనికి అప్పగించారు. జీపూ, దాని వెనుక ట్రైలరూ భూస్వామి జనార్దన్‌వి, నడుపుతున్నదీ ఆయనే. ట్రైలరు పాత టైర్లు పగిలిపోగా, కొలత కుదిరింది కదా అని యాకోబే ఎడ్లబండి టైర్లు తొడిగాడు. ఎడ్లబండ్లకు రబ్బరు చక్రాలు వచ్చిన కొత్తలో, ఆ మెత్తని నడకకు ముసలివాళ్లు సంతకు పోతూ పోతూ నిద్రపోయి, ఊరు దాటిపోయేవారట. అది వేరే ముచ్చట. ఎద్దు అడుగుకు తగిన టైరు జీపు వేగానికి వేడెక్కి పగలకుండా ఎంతవరకు ఓర్చుకుంటుందో దాని మీద రాసి ఉండదు.

అందుకు యాకోబుకు తనదైన పరీక్ష ఒకటుంది. కొంత దూరం పోయాక బండి ఆపించి, టైరు మీద అరచెయ్యి ఆనించి, పరలోక ప్రార్థన మొదలుపెడతాడు. ఆమేన్ దాకా చెయ్యి ఓర్చుకుంటే ఆ వేగం సరిపోయినట్టే.

సగం దారిలో అలాగే ఆపించాడు. అప్పటికి ఎండ ఎక్కింది, ఆలస్యమూ అయింది. గబగబా ఆమేన్ అనేసి, ఎర్రబడ్డ చెయ్యి చంకలో దాచుకుని, పోనిమ్మన్నాడు.

గుమ్మడికాయల నడుమ కూర్చున్న అతని భార్య దానమ్మ ఒప్పుకోలేదు.

"గదేం ప్రార్థన? అన్నం ముందట ఆకలిగొన్నోడు చెప్పినట్టు చెప్పినవ్. మళ్ల చెప్పు, జర నిమ్మళంగ."

"గిట్ల చెప్పుకుంట కూసుంటే మీ దేవుడు లేచి ఇంటికి పోతడు దానమ్మా," అన్నాడు జనార్దన్.

"పోడు పటేలా. గుమ్మడికాయలు రాకుంట యాడికి పోతడు?"

యాకోబు మళ్లీ మొదలుపెట్టాడు. ప్రార్థన సగంలో, 'అనుదినాహారము' దగ్గరే చెయ్యి లాక్కున్నాడు. ఇక వాదన లేదు. టైర్లు చల్లారేదాకా ఆగి, అక్కడినుంచి జీపును ఎద్దు నడకన నడిపించారు. సైకిళ్లవాళ్లు నవ్వుకుంటూ దాటిపోయారు. చర్చికి చేరేసరికి చివరి కీర్తన పాడుతున్నారు. అయితేనేం, ఒక్క కాయా పగలలేదు. పైగా దారిలో ఒక కోడి గంపలోనే గుడ్డు పెట్టింది. కానుకల వేలంలో ఆ గుడ్డును పట్టుబట్టి జనార్దనే పాడుకున్నాడు.

1976లో హైదరాబాదులోని ఒక టైర్ల కార్ఖానాలో పని నేర్చుకొనడానికి వెళ్లిన యాకోబు ఇంటికిలా రాశాడు:

"దానమ్మకు, నేను మంచిగున్న. ఇక్కడ టైరును పెద్ద ఇనుప పీపకు ఆనించి తిప్పుతరు. బరువు పెట్టి, వేగం పెంచుకుంట పోయి, యాడిదాక తట్టుకుంటదో చూస్తరు. గా వేగానికి గుర్తుగ టైరు మీద ఒక అక్షరం అచ్చేస్తరంట. మస్తు ముచ్చటేసింది. మిషన్ ఆపినంక, ఎవరు చూడకుంట చెయ్యి పెట్టిన. నిమ్మళంగనే చెప్పిన. ఆమేన్ దాక రాలే."