మౌలాలి గోడ తనిఖీలో నేను చెప్పిన పేరు

పదకొండేళ్లు మోశాను. నా భార్యకు ఇప్పటికీ తెలియదు. మెట్టుగూడలోని మా చర్చిలో ప్రతి ఆదివారం అందరితో కలిసి పాపపు ఒప్పుకోలు పైకి చదువుతాను. నాది మాత్రం నోరు దాటేది కాదు. మీరు నన్ను ఎరగరు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నేను ప్రభుత్వ ఆడిటర్‌గా పనిచేశాను. జనం కోసం కట్టినవి కాగితం మీద ఉన్నట్టే నేల మీద కూడా ఉన్నాయా లేదా అని చూడటం నా పని. మౌలాలి గుట్ట కింద, ఇళ్ల మీదికి రాళ్లు జారకుండా కట్టిన గోడను తనిఖీ చేయడానికి వెళ్లాను. అందులో ఉండాల్సిన ఇనుము సగం కూడా లేదు. ఆ సంగతి నాకు చెప్పింది యాదగిరి. ఆ పని దగ్గరుండి చూసిన వర్క్ ఇన్‌స్పెక్టర్. గోడ కడుతున్నప్పుడు ఫోన్లో తీసిన ఫోటోలు నాకిచ్చాడు.

"ఆ గోడ కిందనే మా చెల్లె ఇల్లుంది సార్. నా పేరు మాత్రం ఎక్కడ రానియ్యకుండ్రి," అన్నాడు.

రానివ్వనన్నాను. అతని పేరెత్తకుండా, ఫోటోలున్నాయని మాత్రం చెప్పి, ఇనుము ఏమైందని గోడ కట్టించిన ఆఫీసువాళ్లను అడిగాను.

మూడో రోజు మధ్యాహ్నం, వాళ్ల ఆఫీసులో నాకిచ్చిన గదిలోకి కాంట్రాక్టర్ తమ్ముడు వచ్చి తలుపు వేశాడు.

"ఫోటోలు ఎవరిచ్చిండ్రు సార్? యాదగిరా, అంజయ్యనా? ఆఫీసోళ్లల్ల సైటు మీద ఆ ఇద్దరే ఉన్నరు. ఒక్క మాట చెప్పుండ్రి, పోత."

అతను నన్ను కొట్టలేదు. తిట్టనైనా లేదు. గ్లాసులో నీళ్లు పోసి నా ముందుకు జరిపాడు.

"యాదగిరి," అన్నాను.

ఎందుకన్నాను? భయమా? భయమే అయితే, ఆ నీళ్లు తాగి "థాంక్స్" అని కూడా ఎందుకన్నాను? ఇన్నేళ్లుగా నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా, నాకు అనుకూలంగా ఒక్క జవాబూ దొరకలేదు.

అరగంటలో ఆవరణలో కేకలు. కిటికీ దగ్గరికి వెళ్లాను. నలుగురు ఇనుప రాడ్లతో యాదగిరిని కొడుతున్నారు. మోకాలి మీద కొట్టగానే కూలబడ్డాడు. ఒకడు అతని కుడిచేతిని మెట్టు మీద తొక్కిపెట్టాడు. ఇంకొకడు వేళ్ల మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఎముకలు నలిగిన చప్పుడు నాకు వినిపించింది. "సార్! సార్!" అని యాదగిరి అరిచాడు. నన్నే పిలిచాడు. నేను కాపాడతాననుకున్నాడు. నేను కిటికీ పక్కకు తప్పుకుని గోడకు వీపు ఆనించి నిలబడ్డాను.

పోలీసులకు ఏమీ చూడలేదని చెప్పాను. ఫోటోలు ఫోన్లోంచి తీసేశాను. శాసనసభ దాకా వెళ్లిన నివేదికలో ఆ గోడ గురించి ఒక్క వాక్యం లేదు.

ఆసుపత్రిలో అతనికి మూడు వేళ్లు తీసేశారు. "ఆ అంజయ్యగాడే చెప్పిండు సార్," అన్నాడు నాతో. నేను తల వంచుకున్నాను. అతను దాన్ని అవుననే అనుకున్నాడు. వారం తిరగకముందే యాదగిరి బామ్మర్దులు అంజయ్యను వీధిలోకి ఈడ్చి ఇటుకలతో కొట్టారు. ఒక కన్ను పోయింది. దెబ్బదెబ్బకూ "నేను గాదు" అని మొత్తుకున్నాడట. అది నిజమని నాకు తెలుసు.

నిన్న ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక బట్టల షాపు ముందు యాదగిరి కనిపించాడు. అక్కడ కాపలా పని. "బాగున్నరా సార్?" అని నవ్వాడు. ఆ నవ్వు భరించలేకపోయాను. "అంజయ్య కాదు, యాదగిరీ. నేనే చెప్పాను," అన్నాను.

కొట్టాడు. పెదవి చిట్లి చొక్కా మీద రక్తం కారింది. రోడ్డు మీది వాళ్లు పరుగెత్తుకొచ్చి, ముసలాయన్ని కొడతావా అంటూ అతని కాలర్ పట్టుకున్నారు. ఒకడు చెయ్యెత్తాడు. నేను అడ్డం వెళ్లాను. "వదలండి. తప్పు నాది," అన్నాను.

"ఏం జేసిండ్రో చెప్పుండ్రి. అందరు ఇనాలె," అన్నాడు యాదగిరి.

చెప్పాను. పేరు చెప్పిన సంగతి, కిటికీ సంగతి, పోలీసుల సంగతి, అంజయ్య కన్ను సంగతి. యాదగిరి నా ముఖం చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు.

క్షమించమని నేను అడగలేదు. పెదవి ఇంకా మండుతోంది. ఇంటికొచ్చాక, పదకొండేళ్లలో మొదటిసారి, ఊపిరి ఛాతీ నిండా లోపలికి పోయింది.