చుక్కల గీత

నాలుగేళ్ళు నేనొక లోయకి పటం గీశాను. అది ఉత్తరాన, మంచుకొండల మధ్య ఉంది. నేనుండేది బర్మాలో, యాంగోన్ నగరంలో, పజుండౌంగ్ అనే పేటలో ఒక మూడో అంతస్తులో. మంచంటే నాకు ఫ్రిజ్‌లో పేరుకున్నదే తెలుసు.

ఉపగ్రహం తీసిన ఫొటోల్లో రాళ్ళగుట్టలు చూసి రంగులు వెయ్యడం నా పని. హిమానీనదం తోసుకొచ్చి వదిలేసిన గుట్ట, అంటే మొరెయిన్, ఒక రంగు. కొండచరియ విరిగిపడ్డ రాళ్ళు ఇంకో రంగు. వెళ్ళి చూసినదానికి నిండు గీత, చూడకుండా ఊహించినదానికి చుక్కల గీత. మా పనిలో ఇంతకు మించిన నీతి లేదు. నా పటం నిండా చుక్కలే.

వాటిలో ఒక గుట్ట నన్ను కాల్చుకుతింది. మొరెయిన్ అని రాశాను గానీ నమ్మకం లేదు. మొరెయిన్ అయితే ఎప్పుడో కుదురుకున్నది. విరిగిపడ్డ చరియ అయితే మళ్ళీ విరగొచ్చు. దాని కిందే పదకొండు ఇళ్ళ కప్పులు. ఎక్కి చూస్తే గంటలో తేలిపోతుంది. రకరకాల రాళ్ళు, గీతలు పడి ఉంటే మంచు తెచ్చినవి. అన్నీ పైకొండ రాళ్ళే అయి, అంచులు పదునుగా ఉంటే విరిగిపడ్డవి.

చివరికి ఆ లోయకి వెళ్ళి చూడడానికి అనుమతి వచ్చింది. వెళ్ళేవాళ్ళ జాబితాలో నా పేరు లేదు. మా ముత్తాత తెలుగునేల నుంచి ఇక్కడి రేవులో మూటలు మొయ్యడానికి వచ్చినవాడు. అందుకని మా పౌరసత్వపు కార్డు రంగు వేరు. ఆ రంగుతో సరిహద్దు వైపు పంపరట. అప్పటికే సిగ్గులేక కొండలెక్కే బూట్లు కూడా కొనుక్కున్నాను.

"ఏటే, నువ్వు గీసిన కొండలకి నువ్వెల్లవా?" అంది అమ్మ.

"మనం ఇక్కడోళ్ళం కాదటమ్మా," అన్నాను.

వెళ్ళిన ముగ్గురూ రెండు వారాలకి తిరిగొచ్చారు. గుట్ట సంగతి అడిగాను. వానపడి లోయ మొదట్లో వంతెన దగ్గరే ఆగిపోయారట. మా పైఅధికారి, అందరం సయా అని పిలుస్తాం, బర్మీస్‌లో తేలిగ్గా అనేశాడు: "ఇంత బాగా గీశావు, ఇంక చూసేదేముంది? చుక్కలు తీసి నిండు గీత పెట్టెయ్."

"ఎవరూ ఎక్కలేదు కదా, సయా."

"లోయ దాకా వెళ్ళారుగా. వచ్చేసారి నీ పేరు నేను రాయిస్తాలే."

అబద్ధమని తెలుసు. కార్డు రంగు ఆయన మార్చలేడు. అయినా ఆశపడ్డాను, గీత మార్చేశాను. ఆయన మీద కోపం తెచ్చుకోవడం తేలికే. కానీ నొక్కింది నా వేలు.

పటం మూలన, స్వయంగా చూసి నిర్ధారించినవాళ్ళంటూ ఆ ముగ్గురి పేర్లే ఉన్నాయి. కానీ 'మీ పైనున్న గుట్ట కదలదు' అని ఆ పదకొండు ఇళ్ళకి మాటిచ్చింది నేనే.