రాక్షసుడికి కాఫీ

ఆర్లిన్ ట్వైట్‌కు ఒక్కటే పిచ్చి: యుద్ధానికి పనికిరాని మనిషిని యుద్ధంలో నిలబెట్టడం.

విస్కాన్సిన్ చలికాలంలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం వెండెల్ ఇంటి నేలమాళిగలో పాత్రల ఆట సాగేది. ఒక్కొక్కరు ఒక్కో పాత్రను పుట్టించుకోవాలి. కథ నడిపే వెండెల్ రాక్షసుల్ని దింపుతాడు. పాచికలు వేసి గెలవాలి. అందరూ కత్తివీరుల్నీ మాంత్రికుల్నీ ఎంచుకుంటే, ఆర్లిన్ ఒకప్పుడు మంగలిగా వచ్చాడు. రాక్షసుడి గడ్డానికి నురగ పూసి, "కదలకండి, తెగుతుంది" అని కూర్చోబెట్టేశాడు. ఇంకో ఏడాది రొట్టెలు కాల్చేవాడిగా వచ్చాడు. కంటికి కనబడని దయ్యం మీద పిండి చల్లి, అది తుమ్ముతుంటే తక్కినవాళ్ళ చేత కొట్టించాడు.

"బాబాయ్, ఒక్కసారి కత్తి పట్టుకోరాదూ? నీ సొమ్మేం పోయింది?" అనేవాడు ఆయన అన్న కొడుకు కర్ట్.

"కత్తి పడితే ఎవడైనా గెలుస్తాడురా. అందులో మజా ఏముంది?"

ఈ ఏడాది ఆయన పాత్ర చర్చి వంటావిడ. ఆయుధం కాఫీ కెటిల్. ఆ మాట విని కర్ట్ నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి జారాడు.

బల్ల చివర జోలీన్ కూర్చునేది. చదువు మధ్యలోనే ఆగిపోయి చీజ్ ఫ్యాక్టరీలో చేరిన పిల్ల. వారమంతా చీజ్ దిమ్మలకు కాగితం చుడుతూ, ఆదివారం చెప్పబోయే మాటల్ని మనసులో అల్లుకునేది. ఆమె పాత్ర బాతులు కాసే అమ్మాయి. తీరా వంతు వచ్చి మాట గొంతు దాకా వచ్చేసరికి, కర్ట్ "తర్వాత ఎవరు?" అనేవాడు. మాట వెనక్కి పోయేది. ఇంటికి వెళ్తూ దారి పొడవునా ఆ మాటలన్నీ మంచుగుట్టలకు చెప్పుకునేది.

ఆ ఆదివారం వెండెల్ మొహమాటపడుతూనే అన్నాడు: "జోలీన్, ఏమీ అనుకోకమ్మా. ఈ కుర్చీ కోసం ఇంకో అబ్బాయి ఎదురుచూస్తున్నాడు. ఇవాళైనా నీ పాత్ర యుద్ధంలో ఏదో ఒకటి చెయ్యకపోతే..." మిగతాది మింగేశాడు.

చెరువు గట్టున రాక్షసుడు దిగాడు. మొదటి దెబ్బకే కర్ట్ వీరుడు బోర్లా పడ్డాడు. రాక్షసుడు బాతుల పిల్ల నెత్తిమీద దుడ్డుకర్ర ఎత్తాడు. జోలీన్ నోరు తెరిచింది.

"తర్వాత ఎవరు?" అన్నాడు కర్ట్.

"నేను." ఆర్లిన్ గొంతు సన్నం చేశాడు. "అయ్యో, అంత దూరం నుంచి నడిచొచ్చారు! కాస్త కాఫీ తాగి కొట్టండి."

వెండెల్ ఆ ప్రాంతపు మర్యాదల్లో పెరిగినవాడు. పరాయివాళ్ళు ఏది పెట్టినా రెండుసార్లు వద్దని, మూడోసారి పుచ్చుకోవాలని ఉగ్గుపాలతో నేర్చినవాడు. రాక్షసుడి గొంతుతోనే నోరు జారాడు: "అబ్బే, వద్దండీ. మీకెందుకు శ్రమ?"

"అయిపోయింది! వద్దనడంతో వాడి వంతు అయిపోయింది!" అన్నాడు ఆర్లిన్.

"అదెక్కడి న్యాయం బాబాయ్?"

"ఎవరైనా కర్ర ఎత్తిపట్టుకుని వద్దంటార్రా? మర్యాద ఉండొద్దూ? దించేశాడు." ఆర్లిన్ జోలీన్ వైపు తిరిగాడు. "వాడు ఇంకోసారి వద్దనాలి. బోలెడు టైముంది. నిదానంగా చెప్పు తల్లీ."

"ఎంతసేపు?" కర్ట్ విసుక్కున్నాడు.

"నీకు నోరు పెగలని రోజుల్లో ఆ మంగలి నీ కోసం రాక్షసుడి గడ్డం ఎంతసేపు గీశాడో మరిచిపోయావా?" అన్నాడు వెండెల్.

కర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. జోలీన్ తలెత్తి ఆర్లిన్‌ను చూసింది. ఆయన కెటిల్ పట్టుకున్నట్టు చెయ్యి పెట్టుకుని, తొందరేమీ లేనట్టు కూర్చున్నాడు.

"నా... నా బాతులు వాడికి మూడు వైపులా చేరతాయి," అంది.

"రొట్టె కూడా ఉందండీ," అన్నాడు ఆర్లిన్.

"కడుపు నిండుగా ఉందండీ," అని మూలిగాడు వెండెల్.

"నాలుగో వైపు చెరువు. దానిమీద పేరుకున్న మంచు ఇంకా గట్టిపడలేదు. బాతును మోస్తుంది, రాక్షసుణ్ణి మొయ్యదు. నా బాతులు బుస్సుమని ఒక్కసారిగా మీదికెళ్తాయి!"

పాచిక దొర్లి మంచి అంకె చూపించింది. మంచు పెటిల్లుమంది. రాక్షసుడు కాఫీ రుచి చూడకుండానే మునిగిపోయాడు.

"ఈ కుర్చీ నీదే. ఆ అబ్బాయి మెట్ల మీద కూర్చుంటాడులే," అన్నాడు వెండెల్.

జోలీన్ వినిపించుకోలేదు. ఏ బాతు ముందు నడిచిందో, ఏది కుంటుతోందో, దానికి ఆ పేరు ఎందుకు పెట్టిందో చెబుతూనే ఉంది. కర్ట్ లేచి కోటు తొడుక్కున్నాడు.

"రాక్షసుడు చచ్చాడుగా! ఇంకా ఏముంది?"

ఆర్లిన్ అతని కోటు అంచు పట్టి లాగాడు.

"కూర్చోరా. ఆ పిల్ల బాతులు ఇంకా ఇల్లు చేరలేదు."